డ్రైవర్‌ని ఆఖరున అనుమానించండి

లైనక్స్ నడిచే బోర్డుకి పెన్‌డ్రైవ్ పెట్టారు. దాని మీద లైటు వెలిగింది. బోర్డులో మాత్రం ఏమీ రాలేదు, /డెవ్ డైరెక్టరీలో ఎస్‌డీఏ అన్న పేరే లేదు. ఇక్కడి నుంచి జరిగేది కాలేజీ ల్యాబ్‌లోనైనా, మిషన్లు తయారుచేసే కంపెనీలోనైనా ఒకటే. ‘డ్రైవర్ ప్రాబ్లం’ అని ఒకరు తేల్చేస్తారు. ఇంకొకరు కెర్నెల్ కంపైల్ చెయ్యడానికి కూర్చుంటారు. మూడో ఆయన ఎక్కడో దొరికిన కొత్త ఇమేజ్‌ని ఎస్‌డీ కార్డులోకి ఎక్కించేస్తాడు. సాయంత్రానికి పెన్‌డ్రైవ్ సంగతి ఎక్కడిదక్కడే ఉంటుంది, పొద్దున పనిచేసిన ఈథర్నెట్ కూడా పోయి ఉంటుంది. ఏది మార్చినందుకు పోయిందో చెప్పగలిగినవాళ్లు ఆ గదిలో ఉండరు.

లైనక్స్‌లో యూఎస్‌బీ-స్టోరేజ్ డ్రైవర్ నిన్నా మొన్నటిది కాదు. దాని సోర్స్ ఫైలు తెరిస్తే పైనే 1999 నాటి కాపీరైట్ లైను కనబడుతుంది. ఇన్నేళ్లుగా ఎన్ని రకాల పెన్‌డ్రైవ్‌లు, కార్డు రీడర్లు, హార్డ్‌డిస్క్‌లు దానిమీదుగా నడిచాయో లెక్కలేదు. అలాంటి కోడ్ సరిగ్గా మీ బోర్డు మీద, మీ ప్రాజెక్టు రివ్యూ ముందురోజే చెడిపోయిందని నమ్మడం కష్టం. చాలాసార్లు సమస్య డ్రైవర్ దాకా వెళ్లనే వెళ్లదు. కరెంటు దగ్గరో, కేబుల్ దగ్గరో, పోర్టు దగ్గరో ఆగిపోతుంది. లేదా డ్రైవర్ తన పని తాను చేసేశాక, ఫైల్ సిస్టమ్ దగ్గర తన్నేస్తుంది. ఎక్కడ ఆగిందో ముందు తెలుసుకోవాలి, చెయ్యి చేసుకోవడం ఆ తర్వాత.

ముందు లాగ్

బోర్డుకి సీరియల్ కన్సోల్ ఉంటే అది, లేకపోతే ఎస్‌ఎస్‌హెచ్ తెరవండి. ‘డీమెసేజ్ -డబ్ల్యూ’ కమాండ్ కొట్టి, అప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టండి. కెర్నెల్ ఏమనుకుంటోందో అనుకున్నది అనుకున్నట్టు తెర మీదికి వస్తుంది. బిజీబాక్స్ మీద నడిచే చిన్న ఇమేజ్‌లలో ఆ ఆప్షన్ మామూలుగా ఉండదు. అక్కడ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి ఉత్త డీమెసేజ్ కొట్టి చివరి లైన్లు పోల్చుకుంటే సరిపోతుంది.

అన్నీ బాగున్నప్పుడు లాగ్ ఎలా ఉంటుందో ముందు చూడండి. ‘న్యూ హై-స్పీడ్ యూఎస్‌బీ డివైస్ నంబర్ 3’ అని మొదటి లైను. తర్వాత వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ. ఆ కింద ‘యూఎస్‌బీ మాస్ స్టోరేజ్ డివైస్ డిటెక్టెడ్’. ఓ సెకను ఆగి ‘డైరెక్ట్-యాక్సెస్’ అంటూ కంపెనీ పేరు, మోడల్ పేరు. ఆపైన ఇన్ని ‘512-బైట్ లాజికల్ బ్లాక్స్’ అని సైజు. తర్వాత ‘ఎస్‌డీఏ: ఎస్‌డీఏ1’. ఆఖరున ‘అటాచ్డ్ స్కజీ రిమూవబుల్ డిస్క్’.

చూడ్డానికి ఒకే ప్రోగ్రాం గడగడా చెప్పినట్టు ఉంటుంది కానీ, ఈ లైన్లు చెప్పేవాళ్లు వేరువేరు. మొదటి లైను హబ్ చూసుకునే కోడ్‌ది. ఐడీలు యూఎస్‌బీ కోర్‌వి. ‘డిటెక్టెడ్’ అన్నది యూఎస్‌బీ-స్టోరేజ్ డ్రైవర్. ‘డైరెక్ట్-యాక్సెస్’ అన్నది స్కజీ పొర. సైజు చెప్పింది ఎస్‌డీ అనే డిస్క్ డ్రైవర్. ఎస్‌డీఏ1 అన్నది పార్టిషన్ టేబుల్ చదివిన కోడ్. మీ లాగ్ ఏ లైను దగ్గర ఆగిపోయిందో, దాని తర్వాతి లైను ఎవరిదో వాళ్లనే పట్టుకోవాలి. గంటలకొద్దీ వెతుకులాట ఈ ఒక్క పోలికతో సగానికి సగం తగ్గుతుంది.

సెకను ఆగడం కూడా డ్రైవర్ కావాలని చేసేదే. పెట్టగానే కమాండ్లు పంపితే తికమకపడే డిస్క్‌లు ఉన్నాయని ‘డిలే యూజ్’ అన్న పరామితితో ఒక సెకను ఆగుతుంది. పాత కెర్నెళ్లలో అది ఐదు సెకన్లు ఉండేది. అది తెలియక, ఆ ఐదు సెకన్లూ కాకముందే పెన్‌డ్రైవ్ పీకేసినవాళ్లు ఎందరో.

ఒక్క లైనూ రాకపోతే

పెన్‌డ్రైవ్ పెట్టినా లాగ్‌లో చీమ కూడా కదలకపోతే డ్రైవర్ గురించి ఆలోచించడం దండగ. డ్రైవర్‌ని ఇంకా ఎవరూ పిలవలేదు. ముందు ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ కొట్టండి. ‘రూట్ హబ్’ అని కనీసం ఒక్కటైనా కనబడాలి. అది కూడా లేదంటే బోర్డులోని హోస్ట్ కంట్రోలరే లేవలేదని అర్థం. డీడబ్ల్యూసీ2, ఎక్స్‌హెచ్‌సీఐ, మస్‌బీ, ఇలా మీ చిప్‌ది ఏదైతే అది కెర్నెల్‌లో ఉందో లేదో, డివైస్ ట్రీలో ఆ నోడ్ ‘ఓకే’ అని ఉందో ‘డిసేబుల్డ్’ అని ఉందో చూడాలి.

దీనికి మంచి ఉదాహరణ రాస్ప్‌బెర్రీ పై కంప్యూట్ మాడ్యూల్ 4. దాని యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌ని కరెంటు ఆదా కోసం డీఫాల్ట్‌గా ఆపి ఉంచారు. కాన్ఫిగ్ ఫైల్లో డీడబ్ల్యూసీ2 ఓవర్‌లేని హోస్ట్ మోడ్‌లో పెట్టే లైను లాంటిది ఉంటే తప్ప పోర్టు పనిచెయ్యదు. మామూలు పై 4 మీద అంతా పనిచేయించి, అదే కార్డుని కంప్యూట్ మాడ్యూల్‌కి మార్చినవాళ్లకి ఇక్కడ బుర్ర వేడెక్కుతుంది. సాఫ్ట్‌వేర్ అదే, కెర్నెల్ అదే, పోర్టు మాత్రం చచ్చినట్టు ఉంటుంది.

ఓటీజీ పోర్టులది ఇంకో తంతు. ఒకే పోర్టు అటు హోస్ట్‌గానూ ఇటు డివైస్‌గానూ పనిచెయ్యగలదు. ఎటు ఉండాలో చెప్పేది కనెక్టర్‌లోని ఐడీ పిన్, లేదా డివైస్ ట్రీలోని ‘డీఆర్-మోడ్’. ఐడీ పిన్ గ్రౌండ్‌కి కలిస్తే హోస్ట్. మామూలు మైక్రో కేబుల్‌లో ఆ పిన్ గ్రౌండ్‌కి కలిసి ఉండదు, ఓటీజీ అడాప్టర్‌లో కలిసి ఉంటుంది. డీఆర్-మోడ్‌లో ‘పెరిఫెరల్’ అని రాసి ఉంటే మీరు ఎన్ని పెన్‌డ్రైవ్‌లు మార్చినా ఆ పోర్టు తనే ఓ పెన్‌డ్రైవ్ అనుకుంటూ కూర్చుంటుంది. ఇక పై జీరోలో రెండు మైక్రో యూఎస్‌బీ పోర్టులు పక్కపక్కనే ఉంటాయి, చూడ్డానికి కవలలు. అందులో ఒకటి కరెంటుకి మాత్రమే.

రూట్ హబ్ ఉంది, పోర్టు కూడా సరైనదే, అయినా లైను రావట్లేదంటే మల్టీమీటర్ తీయండి. పోర్టు దగ్గర ఐదు వోల్టులు ఉన్నాయా? పెన్‌డ్రైవ్ లైటు వెలగడం సాక్ష్యం కాదు, నాలుగు వోల్టులకి కూడా ఎల్‌ఈడీ వెలుగుతుంది. సొంతంగా డిజైన్ చేసిన బోర్డు అయితే పోర్టుకి కరెంటిచ్చే రెగ్యులేటర్‌ని డివైస్ ట్రీలో ‘వీబస్-సప్లై’ కింద రాశారో లేదో చూడండి. రాయకపోతే దాన్ని ఆన్ చెయ్యాలని కెర్నెల్‌కి తెలియదు.

మైనస్ 71, మైనస్ 110

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ‘న్యూ హై-స్పీడ్ డివైస్’ అని మొదటి లైను వస్తుంది. వెంటనే ‘డివైస్ డిస్క్రిప్టర్ రీడ్/64, ఎర్రర్ -71’. మళ్లీ అదే. తర్వాత ‘డివైస్ నాట్ యాక్సెప్టింగ్ అడ్రస్’. ఆఖరున ‘అనేబుల్ టు ఎన్యూమరేట్’. కెర్నెల్ భాషలో మైనస్ 71 అంటే ప్రొటోకాల్ తప్పు: వైర్ మీద ఏదో వచ్చింది కానీ అర్థం కాలేదు. మైనస్ 110 అంటే టైమవుట్: అడిగితే జవాబే రాలేదు. రెండూ కూడా డివైస్ ‘నేను స్టోరేజ్‌ని’ అని చెప్పుకోవడానికి ముందే వస్తాయి. కెర్నెల్‌కి అది పెన్‌డ్రైవో మౌసో ఇంకా తెలియదు. కాబట్టి యూఎస్‌బీ-స్టోరేజ్‌ని మళ్లీ మళ్లీ లోడ్ చెయ్యడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఎంబెడెడ్ బోర్డుల మీద ఈ నంబర్లకి మొట్టమొదటి కారణం కరెంటు. నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే సాగుతాయి:

“అన్నా, హార్డ్‌డిస్క్ పెడితే టిక్ టిక్ అంటోంది. డ్రైవర్ లోడ్ అయితలేదు.”

“ఏ అడాప్టర్ పెట్టినవ్?”

“ఫోన్ చార్జర్ అన్నా. ఫాస్ట్ చార్జర్, అరవై ఐదు వాట్లు.”

“అరవై ఐదు వాట్లు ఫోన్‌కి తమ్ముడూ. బోర్డు దగ్గర ఎన్ని వోల్టులున్నయో చూసినవా?”

ఫాస్ట్ చార్జర్ ఆ వాట్లు ఇచ్చేది ఫోన్‌తో బేరమాడి వోల్టేజ్ పెంచాక. అలా బేరమాడటం రాని బోర్డుకి దక్కేది ఐదు వోల్టులే, అది కూడా చార్జర్ ఐదు వోల్టుల దగ్గర ఎంత ఇవ్వగలిగితే అంతే. దానికి తోడు కేబుల్. 28 గేజి రాగి తీగకి మీటరుకి సుమారు 0.21 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి, కాబట్టి ఒక మీటరు కేబుల్‌లో 0.43 ఓమ్‌లు. బోర్డూ డిస్కూ కలిసి ఒక్క యాంప్ లాగినా 0.43 వోల్టులు దారిలోనే ఖర్చు. చార్జర్ దగ్గర ఐదుంటే బోర్డు దగ్గర 4.57. రాస్ప్‌బెర్రీ పై ‘అండర్-వోల్టేజ్’ అని అరిచేది 4.63 దగ్గర. అదే 24 గేజి తీగ అయితే నష్టం 0.17 వోల్టులే. ఏ తీగో ఎలా తెలుస్తుంది అంటారా? కేబుల్ తొడుగు మీద సన్న అక్షరాలతో ‘28ఏడబ్ల్యూజీ/1పీ + 24ఏడబ్ల్యూజీ/2సీ’ లాంటిది అచ్చు వేసి ఉంటుంది. మొదటిది డేటా తీగల జత, రెండోది కరెంటు తీగలు. రెండో అంకె 28 అని ఉంటే ఆ కేబుల్‌ని ఫోన్‌కి ఉంచుకోండి. ఏమీ రాసి లేకపోతే నమ్మకండి. రాస్ప్‌బెర్రీ పై 4 వాళ్ల సొంత అడాప్టర్ 5.1 వోల్టులు ఇవ్వడంలో మతలబు ఇదే, దారి ఖర్చులు కలిపి ఇస్తున్నారు.

పోర్టు వైపు లెక్క కూడా ఉంది. యూఎస్‌బీ 2.0 పోర్టు నుంచి డివైస్ 500 మిల్లీయాంప్‌ల దాకా అడగొచ్చు, యూఎస్‌బీ 3.0లో 900. తిరిగే హార్డ్‌డిస్క్ మొదలయ్యే క్షణంలో ఒక యాంప్ దగ్గరదాకా లాగేవి ఉన్నాయి. పై 4లో నాలుగు పోర్టులకీ కలిపి పరిమితి 1.2 యాంప్‌లు. పై 5కి ఐదు యాంప్‌ల అడాప్టర్ పెడితే 1.6 యాంప్‌లు ఇస్తుంది, మూడు యాంప్‌లది పెడితే అన్ని పోర్టులకీ కలిపి 600 మిల్లీయాంప్‌లకే కుదించుకుంటుంది. కొత్త బోర్డు కొని పాత అడాప్టరే వాడేవాళ్లు ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే చాలు.

పై బోర్డుల మీద ‘వీసీజెన్‌కమాండ్ గెట్-త్రాటిల్డ్’ అడిగితే ఒక అంకె వస్తుంది. సున్నా వస్తే కరెంటు మీద అనుమానం పక్కన పెట్టొచ్చు. 0ఎక్స్50000 లాంటిది వస్తే, ఇప్పుడు బాగానే ఉన్నా బూట్ అయిన తర్వాత ఎప్పుడో వోల్టేజ్ పడిపోయిందని అర్థం. ఇతర బోర్డులకి మల్టీమీటరే గతి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి పోర్టుకీ పెన్‌డ్రైవ్‌కీ మధ్య పెట్టే చిన్న యూఎస్‌బీ మీటర్ ఒకటి తెచ్చుకోండి. వోల్టులు, యాంప్‌లు రెండూ చూపిస్తుంది. అయితే అది సగటు చూపిస్తుంది, డిస్క్ తిరగడం మొదలైనప్పుడు మిల్లీసెకన్ల పాటు వచ్చే పల్లం దానికి కనబడదు. దాన్ని చూడాలంటే ఆసిలోస్కోపే.

సొంత అడాప్టర్ ఉన్న హబ్ మధ్యలో పెట్టి చూడటం మంచి పరీక్ష. హబ్ ద్వారా పనిచేసి నేరుగా పనిచెయ్యకపోతే కరెంటు మీద అనుమానం బలపడుతుంది. ఒక జాగ్రత్త: కొన్ని చౌక హబ్‌లు తమ ఐదు వోల్టుల్ని వెనక్కి బోర్డులోకి పంపిస్తాయి. బోర్డు ప్లగ్ తీసినా లైటు వెలుగుతూ ఉంటే ఆ హబ్‌ని పక్కన పడెయ్యండి.

కరెంటు నిజంగా బాగుందని తేలాకే కేబుల్, కనెక్టర్, బోర్డు మీద డేటా లైన్లు. పై 4లో నీలం పోర్టులు యూఎస్‌బీ 3వి, నల్లవి 2వి. నల్లదాంట్లో పనిచేసి నీలందాంట్లో తప్పులొస్తుంటే వేగం పెరిగినప్పుడు సిగ్నల్ నిలవట్లేదని ఊహించవచ్చు. ఎస్‌ఎస్‌డీ పెట్టిన దగ్గర్నుంచి వైఫై పడిపోతోందని చెప్పేవాళ్లది భ్రమ కాదు. యూఎస్‌బీ 3.0 డేటా వేగానికి పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్‌జ్ బ్యాండ్‌లోనూ పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం వేసింది. వైఫైని 5 గిగాహెర్ట్‌జ్‌కి మార్చుకోవడం దీనికి తేలికైన మందు.

ఇక డ్రైవర్ వంతు

ఐడీలు లాగ్‌లోకి వచ్చాయి, ఆ తర్వాత మౌనం. ఇప్పుడు డ్రైవర్‌ని అడగొచ్చు. ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ -టీ’ కొడితే చెట్టులాగా చూపిస్తుంది. ‘క్లాస్=మాస్ స్టోరేజ్, డ్రైవర్=యూఎస్‌బీ-స్టోరేజ్’ అని ఉండాలి. ‘డ్రైవర్=’ తర్వాత పేరేమీ లేకపోతే నిజంగా డ్రైవర్ లేదు. యూఎస్‌బీ-స్టోరేజ్ విషయంలో ‘డ్రైవర్ ప్రాబ్లం’ అన్న మాట అక్షరాలా నిజమయ్యే చోటు ఇదొక్కటే.

లేకపోవడానికి కారణాలు కొన్నే. యోక్టో, బిల్డ్‌రూటో వాడి సొంత ఇమేజ్ చేసుకున్నప్పుడు ఆ ఆప్షన్ ఆన్ చెయ్యకపోవచ్చు. బోర్డులో /ప్రాక్ కింద ‘కాన్ఫిగ్.జీజెడ్’ ఉంటే అందులో ‘యూఎస్‌బీ స్టోరేజ్’ అని వెతకండి. లేదా కెర్నెల్ ఇమేజ్ మాత్రం కొత్తది కాపీ చేసి, /లిబ్/మాడ్యూల్స్ కింద పాత ఫోల్డర్‌నే వదిలేసి ఉండొచ్చు. అప్పుడు ‘మాడ్‌ప్రోబ్’ చేస్తే ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఇన్ డైరెక్టరీ’ అంటుంది. ‘యూనేమ్ -ఆర్’ చెప్పే వెర్షనూ ఆ ఫోల్డర్ పేరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి. పరిశ్రమల్లో వాడే బోర్డులైతే మూడో కారణం కూడా ఉంటుంది: ఎవరో భద్రత కోసం యూఎస్‌బీ-స్టోరేజ్‌ని మాడ్‌ప్రోబ్ సెట్టింగ్స్‌లో కావాలనే బ్లాక్‌లిస్ట్ చేసి ఉంటారు. దాన్ని తీసేముందు ఎవరు పెట్టారో అడగండి. అది పొరపాటు కాదు, ఒకరి నిర్ణయం.

వీటన్నిటికన్నా సొగసైన చిక్కు ఇంకోటుంది. లాగ్‌లో ‘మాస్ స్టోరేజ్ డిటెక్టెడ్’ వస్తుంది, ‘డైరెక్ట్-యాక్సెస్’ కూడా వస్తుంది, ఎస్‌డీఏ మాత్రం రాదు. యూఎస్‌బీ-స్టోరేజ్ తన పని చేసింది, స్కజీ కూడా చేసింది. కానీ స్కజీ డిస్క్ సపోర్ట్ అన్న ఆప్షన్ వేరే ఉంది. ‘బీఎల్‌కే డెవ్ ఎస్‌డీ’ అని పేరు. దాన్ని ఆన్ చెయ్యకపోతే డిస్క్‌ని చేతిలోకి తీసుకునేవాళ్లే లేరు. కెర్నెల్ కాన్ఫిగరేషన్‌లో యూఎస్‌బీ స్టోరేజ్ దగ్గర హెల్ప్ నొక్కితే ఆ సంగతి అక్కడే రాసి ఉంటుంది. పెన్‌డ్రైవ్‌కీ 1986లో ప్రమాణంగా స్థిరపడిన స్కజీకీ సంబంధమేమిటని ఎవరూ అనుకోరు కాబట్టి ఆ హెల్ప్ ఎవరూ చదవరు.

ఆ సంబంధం తెలిస్తే తర్వాతి చిక్కులు కూడా తేలికవుతాయి. డిస్క్‌తో మాట్లాడేది స్కజీ కమాండ్లతోనే. యూఎస్‌బీ వాటిని కవర్లో పెట్టి పంపుతుంది, అంతే. బోర్డు పంపే కవరు 31 బైట్లు, ముందు ‘యూఎస్‌బీసీ’ అన్న నాలుగు అక్షరాలు. తర్వాత డేటా. డిస్క్ తిరిగి ఇచ్చే రసీదు 13 బైట్లు, ముందు ‘యూఎస్‌బీఎస్’. రిజిస్టర్డ్ పోస్టుకి ఎక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు వచ్చినట్టు, పంపిన కవరు మీది నంబరే రసీదు మీద కూడా ఉండాలి. నంబరు తప్పినా, రసీదు రాకపోయినా డ్రైవర్ డివైస్‌ని రీసెట్ చేస్తుంది.

పాత 3జీ ఇంటర్నెట్ డాంగిల్స్ కొన్ని మొదట సీడీ డ్రైవ్‌లాగా ప్రత్యక్షమై, ‘యూఎస్‌బీ మోడ్‌స్విచ్’ చెప్పాకే మోడెమ్ అవుతాయి. అదీ ఈ డ్రైవర్ తప్పు కాదు.

ముప్పై సెకన్ల ఆగుడు

చిన్న ఫైళ్లు బాగానే వస్తాయి. పెద్ద ఫైలు కాపీ చేస్తుంటే మధ్యలో మొత్తం బిగుసుకుపోతుంది. దాదాపు అర నిమిషం తర్వాత లాగ్‌లో ‘రీసెట్’ అన్న లైను, మళ్లీ కాసేపు నడక, మళ్లీ ఆగుడు. ఆ అర నిమిషం యాదృచ్ఛికం కాదు. స్కజీ డిస్క్ కమాండ్‌కి కెర్నెల్ ఇచ్చే డీఫాల్ట్ గడువు 30 సెకన్లు.

యూఎస్‌బీ 3 ఎస్‌ఎస్‌డీ కేసులతో ఇది వస్తే, కరెంటు బాగుందని తేలాక, యూఏఎస్ అనే కొత్త పద్ధతి వైపు చూడాలి. పాత పద్ధతిలో ఒక కమాండ్ పూర్తయితేనే ఇంకోటి వెళ్తుంది, యూఏఎస్‌లో ఒకేసారి చాలా వెళ్తాయి. వేగం పెరుగుతుంది. కానీ సాటా డిస్క్‌ని యూఎస్‌బీకి మార్చే బ్రిడ్జ్ చిప్‌లలో కొన్ని, యూఏఎస్ వచ్చని చెప్పుకుంటాయి కానీ ఒత్తిడి పడగానే చేతులెత్తేస్తాయి. ఇలాంటి డివైస్‌ల జాబితా కెర్నెల్ సోర్స్‌లోనే ‘అన్‌యూజువల్’ అన్న పేరుతో మొదలయ్యే ఫైళ్లలో ఉంది. స్పెసిఫికేషన్‌ని ఎవరెవరు ఎలా పాటించలేదో తెలుసుకోవాలంటే అంతకన్నా మంచి గ్రంథం లేదు.

మీ డిస్క్ ఆ జాబితాలో లేకపోతే మీరే చేర్చొచ్చు. ఎల్ఎస్‌యూఎస్‌బీ చూపించే ఐడీ జత తీసుకుని, కెర్నెల్ కమాండ్ లైన్లో ‘యూఎస్‌బీ-స్టోరేజ్.క్విర్క్స్=’ తర్వాత వెండర్ ఐడీ, కోలన్, ప్రొడక్ట్ ఐడీ, కోలన్, చిన్న ‘యూ’ రాయాలి. పై బోర్డుల్లో కమాండ్ లైన్ ఫైలు మొత్తం ఒకే లైనుగా ఉండాలి. ఎంటర్ కొట్టి కింద లైన్లో రాస్తే లెక్కలోకి రాదు. రీబూట్ అయ్యాక లాగ్‌లో ‘యూఏఎస్ ఈజ్ ఇగ్నోర్డ్ ఫర్ దిస్ డివైస్’ అని కనబడితే ఫలించినట్టు. వేగం కొంత తగ్గుతుంది. ఆగిపోయే వేగవంతమైన డిస్క్ కంటే ఆగని నెమ్మది డిస్కే నయం, ముఖ్యంగా దాని మీద నుంచే బూట్ అవుతుంటే.

అన్నట్టు, డిస్క్ మీద నుంచి బూట్ చేసేవాళ్లకి ఒక మాట. ‘అనేబుల్ టు మౌంట్ రూట్’ అన్న పానిక్ వస్తే, కమాండ్ లైన్లో ‘రూట్‌వెయిట్’ ఉందా, యూఎస్‌బీ-స్టోరేజ్ కెర్నెల్‌లోపలే ఉందా లేక ఇంకా ఎక్కని డిస్క్ మీద మాడ్యూల్‌గా ఉందా చూడండి. తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేసినవాళ్లు కనబడుతూనే ఉంటారు. రూట్‌ని ఎస్‌డీఏ2 అని కాకుండా పార్ట్‌యూయూఐడీతో రాయండి. ఇంకో పెన్‌డ్రైవ్ పెట్టి ఉన్న రోజున ఎస్‌డీఏ కాస్తా ఎస్‌డీబీ అవుతుంది.

డిస్క్ వచ్చింది, ఫైళ్లు రాలేదు

ఎస్‌డీఏ1 కనబడిందంటే యూఎస్‌బీ కథ ముగిసింది. ఇక్కడి నుంచి వచ్చే తిట్లు డ్రైవర్‌కి చెందవు. ‘అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్ టైప్’ అంటే, 32 జీబీ దాటిన కార్డులు ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్‌తో వస్తాయని గుర్తుచేసుకోండి. ఇప్పుడున్న ఎక్స్‌ఫ్యాట్ డ్రైవర్ మెయిన్‌లైన్ కెర్నెల్‌లోకి వచ్చింది 2020లో, 5.7 వెర్షన్‌తో. చిప్ కంపెనీ ఇచ్చిన 4.9 కెర్నెల్ మీద పనిచేస్తుంటే ఆ కార్డుని ఫ్యాట్32కి మార్చుకోవడమే సులువు. ‘కోడ్‌పేజ్ సీపీ437 నాట్ ఫౌండ్’ అంటే ఫ్యాట్ ఉంది కానీ దాని అక్షరాల పట్టిక కెర్నెల్‌లో పెట్టలేదు.

‘పాటలు’ అన్న ఫోల్డర్ ఐదు ప్రశ్నార్థకాలుగా కనబడితే కంగారు పడకండి, డేటా ఎక్కడికీ పోలేదు. ఫ్యాట్ పొడుగు పేర్లని యూనికోడ్‌లోనే దాస్తుంది. మౌంట్ చేసేటప్పుడు ‘యూటీఎఫ్8’ ఆప్షన్ ఇవ్వకపోతే తెలుగు అక్షరాల్ని చూపించడానికి దానికి పట్టిక లేదు. మన పిల్లలు చేసే మ్యూజిక్ ప్లేయర్ ప్రాజెక్టుల్లో ఇది తప్పకుండా తగిలే రాయి.

రాయడం కుదరక ‘రీడ్-ఓన్లీ’ అంటుంటే లాగ్ చూడండి. ఫైల్ సిస్టమ్‌లో తేడా కనబడగానే ఫ్యాట్ తనంతట తానే రాయడం ఆపేస్తుంది, అది మంచి అలవాటే. అన్‌మౌంట్ చెయ్యకుండా పీకడం ఆపి, ఒకసారి ఎఫ్‌ఎస్‌సీకే నడపండి. సైజు అబద్ధం చెప్పే నకిలీ పెన్‌డ్రైవ్‌ల మీద అనుమానముంటే ఎఫ్3 అనే టూల్ నిండా రాసి, తిరిగి చదివి తేల్చేస్తుంది.

బోర్డునే కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్‌లా చూపించే గాడ్జెట్ మోడ్‌లో ఒక్కటే నియమం: ఆ డిస్క్ ఇమేజ్‌ని బోర్డులోనూ, కంప్యూటర్లోనూ ఒకేసారి మౌంట్ చెయ్యొద్దు. ఎవరు ఏం రాశారో రెండోవాళ్లకి తెలియదు, ఇమేజ్ చెడిపోతుంది. లైనక్స్ లేని ఎస్‌టీఎం32 లాంటి చిప్‌ల మీద ఫ్యాట్‌ఎఫ్‌ఎస్ వాడుతుంటే వచ్చే అంకె చూడండి. 3 వస్తే డిస్క్ ఇంకా సిద్ధంగా లేదు, యూఎస్‌బీ వైపు వెతకాలి. 13 వస్తే డిస్క్ వచ్చింది కానీ ఫ్యాట్ దొరకలేదు, ఫార్మాట్ వైపు వెతకాలి.

అడిగేముందు

ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చిన ప్రతిదీ, వచ్చిన ఫలితంతో సహా నోట్‌బుక్‌లో రాయండి. ఆ పెన్‌డ్రైవ్‌ని లాప్‌టాప్‌లో, లాప్‌టాప్‌లో పనిచేసిన వేరే పెన్‌డ్రైవ్‌ని బోర్డులో పెట్టి చూడకుండా ఏ నిర్ణయానికీ రాకండి. బోర్డు బాగున్న రోజున లాగ్ మొత్తం ఒక ఫైల్లో దాచుకోండి. చెడిన రోజున పక్కన పెట్టి పోల్చుకోవడానికి అంతకన్నా ఆధారం దొరకదు.

ఇంతా చేసి తేలకపోతే సీనియర్‌ని అడగడంలో నామోషీ లేదు. కానీ ‘పెన్‌డ్రైవ్ రావట్లేదు సార్’ అన్న ఒక్క ముక్క పంపకండి. బోర్డు పేరు, కెర్నెల్ వెర్షన్, ఏ అడాప్టర్, ఏ పోర్టు, ఎల్ఎస్‌యూఎస్‌బీ -టీ ఫలితం, బూట్ మొదటి లైను నుంచి పెన్‌డ్రైవ్ పెట్టిన నిమిషం తర్వాతి వరకు పూర్తి లాగ్, ఇవన్నీ పంపండి. ముఖ్యమనిపించిన నాలుగు లైన్లే కత్తిరించి పంపొద్దు. ఏది ముఖ్యమో తెలిసుంటే మీరు అడిగే అవసరమే రాదు. దయచేసి తెరని ఫోన్‌తో ఫొటో తీసి కాకుండా, టెక్స్ట్ ఫైలుగా పంపండి.